విల్లిబాల్ట్‌కు తగిలిన దెబ్బ

హెర్నె,
12 నవంబరు 1978

చిరంజీవి గెర్నోట్‌ను అక్క హెడ్విగ్ దీవించి రాయునది. ఇక్కడ నేనూ పిల్లలూ కులాసా. ఇటలీ ఎండకు నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

నాన్న సమాధి సంగతి అడిగావు. చలికి తట్టుకునే పూలమొక్కలు నాటాను. మన ఊరి బార్‌లో నీ ఫోటో ఇంకా ఉందా అన్నావు. లేదు తమ్ముడూ, తీసేశారు. "దేశం ఫుట్‌బాల్ జట్టుకే కెప్టెన్! సొంత స్నేహితుణ్ణి టీవీ కెమెరాల ముందు కొట్టి, పరాయి దేశం చెక్కేశాడు" అంటున్నారు బొగ్గు గనివాళ్ళు. ఫైనల్లో నువ్వు రెండు గోల్స్ కొట్టి వచ్చిన రోజు నిన్ను భుజాల మీద మోసింది వాళ్ళే.

బొగ్గు గుట్టల వెనక ఒక్క జత బూట్లతో నువ్వూ విల్లిబాల్ట్ చెరో కాలికి తొడుక్కుని ఆడేవాళ్ళు. అందుకే ఇక దాచకుండా ఇది రాస్తున్నాను.

తండ్రి ఊపిరాడక పోతుంటే కొడుకు తొంగిచూడలేదని పత్రికలో వచ్చిందే, అది చెప్పింది నువ్వనుకున్నట్టు విల్లిబాల్ట్ కాదు. నేను.

నాన్న గని దుమ్ముతో నల్లటి కఫం కక్కుతూ రోజూ, "గెర్నోట్ ఎప్పుడొస్తాడే?" అనేవాడు. నువ్వేమో ఫోనులో, "ఈ మ్యాచ్ అయ్యాక వస్తా అక్కా" అని నాలుగుసార్లు అన్నావు. ఆ పత్రిక విలేకరి గుమ్మంలో నిలబడి, "మీకెవరూ సాయం లేరామ్మా?" అన్నాడు. అంతవరకు నన్నెవరూ ఆ మాట అడగలేదు. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

అది చదివి నువ్వు శనివారం మైదానంలో విల్లిబాల్ట్‌ను కొట్టావు. సోమవారం నాన్న పోయాడు. సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నాకిక నువ్వొక్కదానివే అక్కా" అన్నావు. ఇంక నోరెలా విప్పను? మూడేళ్ళు గడిచిపోయాయి. నీ కెప్టెన్ పదవీ పోయింది, అతని ఆటా ఆగిపోయింది.

మొన్న విల్లిబాల్ట్ ఇంటికి వెళ్ళి ఒప్పుకున్నాను.

"తెలుసు హెడ్విగ్. మీ నాన్న పక్క తడిపేవాడని ఆ పత్రికలో రాశారు. అది నాకెలా తెలుస్తుంది? దుప్పట్లు ఉతికినదానివి నువ్వేగా!" అన్నాడు.

"మరి మా తమ్ముడికెందుకు చెప్పలేదు?"

"తండ్రి పోయినవాడికి అక్కను కూడా లేకుండా చేయమంటావా?"

నన్ను క్షమించమని అడగను. కానీ ఒకసారి అతని దగ్గరకు రా. వచ్చినప్పుడు కుడి పక్కన కూర్చుని మాట్లాడు. నీ దెబ్బకు ఎడమ చెవి ఇప్పటికీ వినపడదు.

ఇట్లు,
నీ ముఖం చూడాలని ఉన్న అక్క,
హెడ్విగ్