పెబ్బేరు సంతకు రొట్టెలు

గద్వాల,
15-7-1991, సోమవారం.

చి.ల.సౌ. సుగుణకు కురుమూర్తి దీవించి రాయునది. నేను లేచి తిరుగుతున్నాను, ఒంటికి జబ్బేమీ లేదు. ఉప్పునుంతలలో నువ్వూ, మన పాప అనంతా, మీ అన్న మల్లేశ్ ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. నువ్వు కూడబలుక్కుని చదువుకోవాలి కదా అని అక్షరాలు పెద్దగా రాస్తున్నాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను. మగ్గం సంగతి మాత్రం చివర రాస్తాను.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. విరిగిన రొట్టెలను ఎవరూ కొనరు, అవి నా పాలు. ఇల్లు కురుస్తున్నదా అని అడిగావు. కురుస్తున్నది. పునర్వసు వచ్చినప్పటినుంచి ఒకటే ముసురు. వెనక కొట్టంలో పేర్చిన కట్టెలన్నీ నానిపోయాయి.

నూనె మిల్లు మళ్లీ తెరుస్తారా అని మీ అన్న అడిగినట్టు రాశావు. తెరవరు. గేటు తాళం తుప్పు పట్టింది. నాతో పాటు గుమాస్తాగా చేసిన ఎల్లన్న వనపర్తిలో హోటల్లో బల్లలు తుడుస్తున్నాడు. షావుకారు పట్టు ఇవ్వడం మానేసి మగ్గం ఆగినప్పుడు నాకు మిల్లు దొరికింది. మిల్లు మూతపడినప్పుడు రొట్టెలు పట్టుకున్నాను. రొట్టెల తర్వాత ఏం పట్టుకోవాలో తోచడం లేదు.

"నేసేటోళ్లు రొట్టెలమ్ముకునుడేంది? మనోళ్లల్ల తల యాడ పెట్టుకోను?" అని నువ్వు వెళ్లేరోజు అన్నావు. దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. శనివారం పెబ్బేరు పశువుల సంతకు వచ్చే బేరగాళ్లు ఎడ్లను తోలుకుని రాయచూరు దాకా నడిచిపోతారు. దారిలో వాళ్లకు పాడుకాని తిండి కావాలి. జొన్న రొట్టెను పెనం మీద కాల్చి, పొయ్యి మీది దండెంపై ఎండబెడితే అప్పడంలా విరుగుతుంది, పది రోజులు నిలుస్తుంది. పక్కన ఇంత పల్లీల పొడి కడితే చాలు. ఇది నాకు మంచి పనిలాగే కనిపించింది. ఇప్పటికీ కనిపిస్తున్నది.

రొట్టెలు కొట్టేది నాగేంద్రమ్మ. మన వెనక వీధిలో ఉండే రాయచూరు ఆమె. ఆమె చేతి రొట్టె చూసే బేరగాళ్ల పెద్ద జోగయ్య కిందటి సంతలో నా దగ్గర ఆగాడు. "ఇరవై మందికి సరిపడ తేపో కురుమూర్తీ. మంచిగుంటె ఇగ ప్రతి సంతకు నీ తాననే" అన్నాడు. ఆ వారమంతా నేను మనిషిలా తిరిగాను. నీకు రాద్దామనుకున్నాను. అయ్యాక రాద్దామని ఆగాను.

మొన్న శనివారం నాలుగు గంపలు తీసుకుని వెళ్లాను. జోగయ్య ఒక రొట్టె విరిచి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపాడు.

"ఏంది సేటూ, రొట్టె కాల్చినవా, బండి ఇరుసు కాల్చినవా?"

"పొయ్యి పొగ, జోగన్నా. జర గాలికి పెడితె పోతది."

"పోతది, పోతది. నా పానం పోతది." అని మిగిలిన ముక్కను పక్కనున్న ఎద్దుకు చూపించాడు. అది వాసన చూసి మొహం తిప్పుకుంది. "సూడుండ్రి, ఎద్దే ఒద్దన్నది. దానికన్న అధ్వానమా నేను?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత అతనే నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "నాతోని ఇరవై మంది ఉంటరు. దారిల ఎవనికన్న కడుపు నొస్తె దవాఖాన యాడున్నది? నేను వేరే జూసుకుంట. ఏమనుకోకు." అతని తప్పేమీ లేదు. మంచివాడు కాబట్టి పక్కకు పిలిచి చెప్పాడు. గంపలు అట్లాగే తిరిగి తెచ్చాను. బస్సులో పక్కన కూర్చున్నామె గద్వాల దాకా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఏ వాసనా రాలేదు.

ఇక నువ్వు అడిగినది. "మగ్గం మంచిగున్నదా? గుంతలకు నీళ్లు రాకుంట చూడు" అని రాశావు. దసరా నుంచి చేనేత సొసైటీ వాళ్లు నూలూ పట్టూ ఇస్తారని, మగ్గం నిలబడి ఉన్న ఇంటికే ఇస్తారని, అది అందగానే పాపను తీసుకుని వచ్చేస్తానని రాశావు. ఆ మాట మూడుసార్లు చదివాను.

సుగుణా, మగ్గం లేదు. శుక్రవారం పొయ్యిలో పెట్టాను.

ఆ రోజు పొద్దున్నుంచి పొయ్యి రాజుకోలేదు. "యాకప్పా, ఎందుకిట్ల? ఇవి కట్టెలా, పచ్చి చెరుకు గడలా? ఊది ఊది నా ఊపిరి పోయె" అని నాగేంద్రమ్మ కూలబడింది. ఊరంతా తిరిగాను. కట్టెలమ్మే అడితిలో కట్టె కూడా నీళ్లు కారుతున్నది. కిరోసిన్ లేదు. కలిపిన పిండి పులిసిపోతున్నది. ఇంట్లో పొడి కట్టె ఎక్కడుందో నాకు తెలుసు. ముందు ఒక నిలువు కర్ర అనుకున్నాను. ఒకటి తీశాక మగ్గం ఎట్లాగూ నిలబడదు.

బట్ట చుట్టుకునే దోనెను మోసుకొస్తే నాగేంద్రమ్మ లేచి దూరం జరిగింది. "ఇది నేను ముట్ట. కూడు పెట్టిన కట్టె. ఇల్లు నీది, చెయ్యి నీది, నువ్వే పెట్టుకో." కాలు తగిలితే కళ్లకద్దుకునే మగ్గం. కళ్లకద్దుకునే పెట్టాను. మీ నాన్న మార్కండేయ మామ చెక్కిన గుర్తులు దాని మీద అట్లాగే ఉన్నాయి. బాగా మండింది. మామ కాలం నుంచి తాగిన గంజీ, రాసిన ఆముదమూ అంతా మండింది. "వాసన గొడుతున్నది గదప్పా" అని ఆమె రెండుసార్లు అన్నది. నాకేం వస్తలేదన్నాను. అబద్ధం కాదు. పుట్టినప్పటినుంచి గంజీ ఆముదాల మధ్య బతికినవాణ్ణి. అది నాకు వాసన కాదు, ఇల్లు. వేరేవాళ్లెవరైనా పసిగట్టేవాళ్లు. ఆ పొగ రొట్టెలకు పట్టినా నేను పసిగట్టలేకపోయాను.

నీ ఉత్తరం అందకముందే ఈ పని జరిగిందని రాయవచ్చు. నువ్వు నమ్ముతావు కూడా. కానీ అది చదివాకే చేశాను. దసరా దూరంగా ఉంది, శనివారం దగ్గరగా ఉంది. అంతకన్నా చెప్పుకోవడానికి ఏమీ లేదు. కుట్టు అంచు వేసేటప్పుడు నువ్వు అటు కూర్చుని నాకు అందించే నాడెనైనా, ఆ నూలు కండె పట్టే చిన్న కట్టెనైనా దాచానని రాయాలని ఉంది. దాచలేదు. చివరి పెనానికి మంట చాలకపోతే అదీ వేశాను.

రోజూ లెక్క రాస్తాను కదా. శుక్రవారం ఖర్చుల్లో కట్టెలు అని రాసి, ఎదురుగా ఏం వేయాలో తెలియక వదిలేశాను.

అనంతను అక్కడి బడిలోనే చేర్పించు. సొసైటీ వాళ్ల దగ్గర మన పేరు రాయించవద్దని మీ అన్నకు చెప్పు. కారణం చెప్పాలా వద్దా నీ ఇష్టం. నిన్ను రమ్మని అడిగే మొహం నాకు లేదు.

మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంత మాత్రం ఉంది. నువ్వు చెప్పినట్టే నీళ్లు చేరకుండా చూస్తున్నాను. ఎందుకు చూస్తున్నానో తెలియదు.

ఈ ఉత్తరాన్ని, బల్మూర్ మీదుగా మీ ఊరి వైపు వస్తున్న మన వీధి యాదయ్య చేతికి ఇచ్చి పంపుతున్నాను. దీనితో పాటు బట్టలో కట్టి నాలుగు రొట్టెలు పెట్టాను. సంతలో ఎద్దు కూడా ముట్టనివి. నువ్వు ఒకటి విరిచి చూడు. ఆ ఇంట్లో వాళ్లకు వాసన వస్తుంది. నీకు రాదని అనుకుంటున్నాను. వచ్చిందో రాలేదో, ఆ ఒక్క మాట రాయి.

ఇట్లు,
నీ ఎదురు కూర్చుని నేసినవాడు, అనంత నాయన,
కురుమూర్తి