పొద్దుటి పలకరింపుల బడికి వారసుడు

మసాకా వాసిని, కంపాలాలో న్యాయశాస్త్ర విద్యార్థినిని అయిన నబ్బోసా ప్రిస్కా అను నేను ప్రకటించునది: ఎల్లుండి నా గుండెకు శస్త్రచికిత్స. పాడైనది గుండె కవాటమే, బుద్ధి కాదు. శంక ఉన్న బంధువులు నాతో ఒకసారి వాదించి చూసుకోవచ్చు. ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాస్తున్న ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యతను మా మేనత్త నముబిరుకు అప్పగిస్తున్నాను.

1. మా నాయనమ్మ యునియా నా పేర రాసిచ్చిన బడిని, స్థలాన్ని, అరటితోటను మా అన్నయ్య ఎరాస్టోకు దఖలు పరుస్తున్నాను. అవును, దాన్ని పరీక్షల కార్ఖానాగా మార్చాలని పట్టుబట్టిన ఎరాస్టోకే. “పిచ్చిపిల్లా, వాడు తొలిరోజే చాపలు చుట్టేస్తాడే!” అంది అత్త.

2. అతడు స్వీకరిస్తున్నదేమిటో స్పష్టం చేస్తున్నాను. మన ఆచారంలో చిన్నవాళ్ళే మోకరిల్లి పెద్దల్ని పలకరిస్తారు. ఈ బడిలో ఉపాధ్యాయులూ చాప మీద మోకరిల్లి ప్రతి బిడ్డనూ పలకరిస్తారు: రాత్రి ఎలా గడిచింది, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు అని. తరువాత కాసేపు మౌనం; ఎవరి దేవుడు వారికి. ఆపైనే పాఠం. “ఈ ఊసులతోనే పొద్దు గడిస్తే లెక్కలెప్పుడు చెబుతావమ్మా?” అని ఒక తనిఖీ అధికారి వెటకారమాడాడు. “ఈ పిల్ల నిన్నటి నుంచీ తినలేదట నాయనా. ముందు ఇంత అరటికాయ కటోగో ఉడికించి పెట్టనీ. లెక్కలెక్కడికీ పారిపోవులే” అంది నాయనమ్మ. తలను మాత్రమే లోపలికి రానిచ్చి ఆకలిని, దుఃఖాన్ని, ప్రార్థనను గేటు బయట నిలబెట్టేదాన్ని నేను విద్య అనను.

3. ఆచారం ఆపితే ఆస్తి చర్చికి పోతుందని ఒక షరతు రాశాను. చింపేశాను. భయంతో ఒప్పుకున్నది నేర్చుకున్నట్టు కాదని బోధించే బడిని బెదిరింపుతో అప్పగిస్తే, దాన్ని మొదట మూసినది నేనే అవుతాను. అన్నయ్యా, “మోకాళ్ళరిగితే మార్కులు రావే” అంటావు. నిన్ను వాదనలో చాలాసార్లు ఓడించాను, ఒక్కసారీ మార్చలేకపోయాను. కనుక ఇది షరతు కాదు, వినతి: ఒక టర్మంతా ఆ చాప మీద మోకరిల్లి పిల్లలు చెప్పేది విను. తరువాత మూస్తావో, ఉంచుతావో నీ ఇష్టం. అడ్డుకునే హక్కు ఎవరికీ ఇవ్వడం లేదు, అత్తకు కూడా.

4. నా చర్చాపోటీల వెండికప్పు బడి వంటమనిషి ఫెబియాకు. చిక్కుడుగింజలు కొలవడానికి సరిపోతుంది. నన్ను “అరుపులరాణి” అన్న చర్చాసంఘ కార్యదర్శికి నా గొంతు మాత్రలు.

5. నేను బతికి లేస్తే ఈ పత్రం చెల్లదు. అన్నయ్య సిద్ధంగా ఉండాలి. నాకు ఇంకా వాదనలున్నాయి.

కంపాలా, 14 ఆగస్టు 2019
(సం.) నబ్బోసా ప్రిస్కా

సాక్షులు, ఈ ఆస్తిలో ఏ భాగమూ లేనివారు:
కెమిగిషా జోవియా, నర్సు.
ఒచెన్ సైలస్, చర్చావేదికపై నా ప్రత్యర్థి. మూడో నిబంధన శుద్ధ అమాయకత్వమని చివరిదాకా వాదించాడు. ఒప్పుకోకుండానే సంతకం చేశాడు.