తోట పక్క గది

ఆదోని,
10-3-1957, ఆదివారం.

జొహరాబీకి,

మేరి రాయునది. ముందు క్షేమాలు రాస్తాను, ఎందుకంటే తర్వాత రాయబోయేవి అంత క్షేమంగా ఉండవు. మీ నాన్న గఫూర్ సాబ్ కులాసా. మొన్న శుక్రవారం నమాజు నుంచి వస్తూ మా సందు మొదట్లో ఆగి, నీ దగ్గర్నుంచి నాకేమైనా జాబు వచ్చిందా అని అడిగారు. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది. మా అమ్మ భీమక్క ఎప్పట్లాగే మీ ఇంట్లో జొన్నలు చెరిగి వస్తోంది. నేను పత్తి నుంచి దూది తీసే జిన్నింగ్ మిల్లులో చేరి మూడు నెలలు కావస్తోంది. పొద్దున ఆరింటికి పోతాను. సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లబడతాయి. దగ్గు ఉంది. ఆదివారం పూజ అయ్యాక ఒక్క పూట నాది. ఆ పూట కూర్చుని ఇది రాస్తున్నాను.

నీ మూడు జాబులూ అందాయి. మొదటి రెండూ చదివి గూట్లో పడేశాను. మూడోది, నిన్న ఎమ్మిగనూరు నుంచి మా అన్న యేసేపు వస్తే, అతనికీ అమ్మకూ చదివి వినిపించాను. నాకు అర్థమైంది ఇదీ. డిసెంబరులో మీ కాలేజీ చూసిపోయిన పెద్ద మదర్ దొరల సీమ నుంచి ఉత్తరం రాశారు. తోట పక్క గదిలో ఉండే ఆ బీద క్రైస్తవ పిల్ల ఎలా చదువుతోంది అని అడిగారు. కాబట్టి ఇప్పుడు ప్రిన్సిపాల్ సిస్టరమ్మకు ఆ పిల్ల, అంటే నేను, కావాలి. నేను జూలైలో వస్తే మెట్రిక్‌కు చదివిస్తారు, ప్యాసైతే కాలేజీలో చేర్చుకుంటారు, హాస్టల్లో మంచం ఇస్తారు. షరతు ఒకటే. రెండేళ్లు అక్కడి వంటింట్లో గిన్నెలు తోమానని ఎవరి దగ్గరా అనకూడదు. ఆ మాట తాను రాయలేక సిస్టరమ్మ నీ చేత రాయించింది.

ఇలాంటిది మళ్లీ రాదు, వెంటనే ఒప్పుకో అని చివర నువ్వు రాశావు. మళ్లీ రాదని నాకూ తెలుసు.

నీకు తెలియనివి కావు, అయినా మొదటి నుంచీ రాస్తాను. రాస్తే గానీ నా కోపం ఒక దారికి రాదు. ఇంటి మనిషి ఒకతె తోడుంటేనే నిన్ను అంత దూరం పంపుతానన్నారు మీ నాన్న. ఆ తోడు నేను. నిన్ను హాస్టలుకు పంపారు, నన్ను వంటింటికి. పడుకోవడానికి కట్టెల గది చూపించారు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ నువ్వు వెనక మెట్ల మీద కూర్చుని నాకు ఇంగ్లీషు నేర్పావు. తెలుగు నాకు నేనే నేర్చుకున్నాను, మందు సీసాల కాగితాలు చూసీ, మా ఏసు గుడిలోని పాటల పుస్తకం చూసీ. ఇంగ్లీషు మాత్రం నీ చలవే. అది మరిచిపోయి ఉంటే ఈ జాబు రాయడం సులువయ్యేది.

ఆ ఆవరణలో దేవుడు ఒక్కడే, పొయ్యిలు రెండు. బ్రాహ్మణ పిల్లలకు వేరే వంట. సరే, వాళ్లు క్రైస్తవులు కారు. మరి గుడిలో? రెడ్ల క్రైస్తవ పిల్లలు ముందు బల్లల మీద, పనివాళ్లం మేము వెనక చాప మీద. మా మాదిగ క్రైస్తవ పిల్లలు ఇద్దరు చదువుకోను వస్తే వాళ్లకు మంచినీళ్ల కుండ వేరే పెట్టారు. దసరా సెలవులకు పోయిన వాళ్లు మళ్లీ రాలేదు. నీకు ఒక్కదానికే తోట వైపు ఒక గది ఇచ్చి అది గౌరవం అన్నారు. సాయిబుల పిల్ల పక్కన మంచం మాకొద్దని అందరూ అన్నారని నీకు చెప్పింది నేనే. ఆ రోజు నువ్వు అన్నం తినలేదు.

పెద్ద మదర్ వస్తున్నారనగానే, మా దగ్గర అన్ని కులాల వాళ్లూ, అన్ని మతాల వాళ్లూ చదువుతారని చూపించాలని సిస్టరమ్మకు పుట్టింది. బ్రాహ్మణ పిల్ల, రెడ్ల పిల్ల, మలయాళీ పిల్ల, నువ్వు. ఐదోది మా కులపు బీద క్రైస్తవ పిల్ల చోటు, దానికి మనిషి లేదు. సభ ఇంకో గంట ఉందనగా వంటింట్లోకి వచ్చి నన్ను చేతులు కడుక్కోమంది. ఉతికిన తెల్ల చీర ఇచ్చింది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చీర వెనక్కి తీసుకుంటుందేమో అనిపించింది.

పెద్ద మదర్ నా ముందు ఆగి ఇంగ్లీషు పుస్తకం చేతికిస్తే గడగడా చదివాను. ఒక్క మాట తప్పలేదు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, ఇక్కడ నీ గది ఎక్కడ అని అడిగారు. ఇంగ్లీషులో మాట్లాడే ధైర్యం చాలక, కట్టెల గదిలో పడుకుంటాను అని తెలుగులో చెప్పాను. సిస్టరమ్మ చిరునవ్వుతో ఆ మాటను ఇంగ్లీషులోకి తిప్పి, తోట పక్క గదిలో ఉంటుందట అంది. నాకు ఇంగ్లీషు తెలుసన్న సంగతి ఆమెకు గుర్తే లేదు, అంతకు ముందే చదివి వినిపించినా. ఆమె అబద్ధానికి నేను ఆశ్చర్యపోలేదు. నీ గది తోట పక్కనేనని ముందే చూసిన పెద్ద మదర్ నీ వైపు తిరిగి, అయితే మీరిద్దరూ ఇరుగుపొరుగా అన్నారు. నువ్వు నేల చూస్తూ "యెస్, మదర్" అన్నావు.

మర్నాడే నీకు చెప్పకుండా రైలెక్కి ఆదోని వచ్చేశాను.

ఆ మాట ఎందుకన్నావో నీ మొదటి జాబుల్లో నువ్వు రాసిన కారణం అబద్ధం కాదు. నోరు తెరిస్తే సీటు పోతుంది. సీటు పోతే ఇంటికి రావాలి. వస్తే ఆ హొళగుంద వాళ్ల పెళ్లి సంబంధం కాచుకుని ఉంది. నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. మూడు నెలలుగా నిన్ను తిట్టీ తిట్టీ అలసిపోయాను, జొహరా. కోపం కూడా కూలి పనిలాంటిదే, రోజూ చేస్తే ఒళ్లు పులుస్తుంది.

ఎమ్మిగనూరులో నూలుకు రంగు వేసే పని మా అన్న యేసేపుది, చేతులు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. నీ జాబు విన్నాక ఆ చేతులే చూసుకుంటూ, "పోవద్దు మే. వాళ్లు సదివించేది నిన్ను కాదు, ఆ దొరసానికి జవాబు రాయను ఒక పేరు కావల్ల, అంతే" అన్నాడు. అమ్మ అతని మీద లేచింది. "వీని మాట ఇనొద్దు. నోరు మూసుకుంటే సదువొస్తాదంటే మూసుకో. మేము ఇన్నేండ్లు ఊరికే మూసుకోలేదా?" అంది. మా అన్న లేచి వాకిట్లోకి పోయాడు. ఇంతకు ముందే మిల్లులో నా పక్కన పనిచేసే తిమ్మక్కకు సంగతి చెబితే, కాలేజీకి పోతే దూది దగ్గు పోతుందా, పోతుందంటే నన్నూ తోలుకోని పో అంది. ఇద్దరం నవ్వాం. నవ్వితే ఇద్దరికీ దగ్గొచ్చింది.

నాకు ఆ చదువు కావాలి. దాచడమెందుకు. నీ జాబు వచ్చినప్పటి నుంచీ దూది తట్టలు మోస్తూ ఇంగ్లీషు మాటలు వల్లెవేస్తున్నాను. అయినా నా మాటగా సిస్టరమ్మతో ఇది చెప్పు. జూలైలో మొదటి రోజు క్లాసులో అందరి ముందూ తన నోటితో, ఈమె మేరి, మాదిగ పిల్ల, మన వంటింట్లో రెండేళ్లు గిన్నెలు తోమింది, ఇకనుంచి మీ బల్ల మీద కూర్చుని చదువుతుంది అని చెప్పాలి. చెబుతానంటే వస్తాను. లేకుంటే ఈ దూదిలోనే ఉంటాను. ఇందులో బేరం లేదు.

నువ్వు పరీక్షలు బాగా రాయి. నీ సీటు నీకు దక్కినందుకు నాకు కడుపుమంట లేదు, అది నమ్ము.

నీ ఊరిదీ, ఒకప్పుడు నీ తోడుగా వచ్చినదీ,
మేరి.

తా.క. కవరు అంటించబోతుంటే అమ్మ చదవమంది. చదివాను. అంతా విని, "ఉన్నదంతా రాసినావా?" అని అడిగింది. ఆమెకెలా తెలిసిందో. రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు సభ అయ్యాక నేను తెల్ల చీర తిరిగిచ్చి గిన్నెల ముందు కూర్చున్నాను. కాసేపటికి పెద్ద మదర్ వంటవాళ్లను పలకరించాలని ఒక్కరే వంటింట్లోకి వచ్చారు. సిస్టరమ్మ లేదు, నువ్వూ లేవు. నన్ను చూసి ఆగిపోయారు. ఇందాక పుస్తకం చదివింది నువ్వే కదా అని మెల్లగా అడిగారు. ఆవిడ మొహంలో కోపం లేదు. అవునంటే అంతా అక్కడే తేలిపోయేది. నా చేతులు మోచేతుల దాకా బూడిద. అంత బాగా చదివావని మెచ్చుకున్న మనిషి ఆ చేతులు చూడటం నేను ఓర్చుకోలేకపోయాను. "నో, మదర్" అన్నాను. ఆవిడ నమ్మి వెళ్లిపోయారు.

మర్నాడు నేను రైలెక్కింది నువ్వన్న మాటకు కాదు, నేనన్న మాటకు. సిస్టరమ్మ ఇప్పుడు పెట్టిన షరతును, ఎవరూ పెట్టకుండానే నేను ఆ రోజే ఒప్పుకున్నాను. రెండోసారి నా వల్ల కాదు.