మట్టిలో దూరిన నీ కప్పలు

అన్నా,

నువ్వు పోయాక ఇది మొదటి చలికాలం. కార్వాన్ బస్తీలోని మన ఇంటి డాబా మీద, పాత కూలర్ తొట్టిలో నువ్వు పెంచిన రెండు బోదురు కప్పలూ మట్టిలోకి దూరాయి. చలికి అవి తినవనీ, కదలవనీ, మట్టిని మాత్రం ఎండిపోనివ్వొద్దనీ నువ్వు చెప్పేవాడివి. అందుకే రోజూ కాసిని నీళ్లు చిలకరిస్తున్నాను.

నువ్వున్నన్నాళ్లూ అమ్మ వాటిని చూస్తేనే తిట్టేది. నిన్న బట్టలు ఆరేయడానికి పైకొచ్చి, తొట్టి దగ్గరే నిలబడిపోయింది.

"బయటికి వస్తలేవేందే? సచ్చిపోయినయా?" అంది.

"లేదమ్మా, పండుకున్నయి. చలి పోతే లేస్తయి."

"నువ్వు చూసినవా? చూడకుండ చెప్పకు."

వాటిని కదిలించొద్దని నువ్వన్నావు. అయినా అమ్మ మొహం చూసి, వేళ్లతో మెల్లగా మట్టి తీశాను. పెద్దది ముడుచుకుని ఉంది. ఎంతసేపు చూసినా కదలిక లేదు. నాకూ భయమేసింది. అప్పుడు దాని గొంతు కింద చర్మం ఒక్కసారి ఉబ్బి తగ్గింది.

"ఊపిరి తీస్కుంటున్నది" అంది అమ్మ.

ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఆమె చెప్పిన మాట కూడా ఇదే.

"ఇగ కప్పెయ్, చలి పెడ్తది" అంటూ తనే మట్టి సర్దింది. ఆమె ఆ తొట్టిలో చెయ్యి పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు కడుక్కుంటూ, "లేచినంక ఏం తింటయే?" అని అడిగింది.

"బొద్దింకలమ్మా."

తిడుతుందేమో అనుకున్నాను.

"మన వంటింట్ల మస్తున్నయి తియ్" అంది.

నీ చెల్లి