పద్నాలుగో ప్రశ్నకు మా అక్క జవాబు

దీర్ఘాయువు సర్వే ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
నాలుగో వార్డు గణకుడు సవినయంగా సమర్పించుకొను అర్జీ.

విషయం: మా ఇంటి ఫారంలో నేను రాసిన రెండు తప్పుడు జవాబులను సవరించుట, ఈ అర్జీ అందినట్టు ముద్ర వేసిన రసీదును ఈ రోజే ఇప్పించుట గురించి.

అయ్యా,

నేను ముప్పై నాలుగో ఏట రాత్రిబడిలో చేరి, నలభై ఒకటో ఏట పట్టా పుచ్చుకున్నవాడిని. ప్రస్తుతం నా వయసు నలభై ఎనిమిది. నా ఫారాలలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదని గత నెల సమావేశంలో తమరు నన్ను అందరి ఎదుట నిలబెట్టి మెచ్చుకున్నారు. ఆ గడులు ఎలా నిండాయో తమకు విన్నవించుకోవడమే ఈ అర్జీ ఉద్దేశం.

1. గణకుడు తన ఇంటిని తాను లెక్కించరాదని సూచనల పుస్తకంలో ఉంది. అయినా మా వీధి వంతు పడిన తోటి గణకుడిని బతిమాలి, నాకు వచ్చిన వీధి అతనికి ఇచ్చి, మాది నేను తీసుకున్నాను. మోకాళ్ల నొప్పులని, ఇంటికి దగ్గరైతే సులువని అతనికి చెప్పాను. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. అసలు కారణం మా అక్క. ఆమెకు అరవై రెండేళ్లు. ఇరవై నాలుగో ఏట నుంచి మానసిక వ్యాధి. ఎవరూ లేని చోట నుంచి ఆమెకు మాటలు వినబడతాయి. మాత్రలు వేసుకుంటే తగ్గి ఉంటాయి, పూర్తిగా పోవు. పద్నాలుగేళ్లు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. ఆ తరువాత ఇరవై ఒక్కేళ్లుగా మా ఇంట్లోనే ఉంటోంది. ఈ సంగతి నా తోటి గణకులలో ఒక్కరికీ తెలియదు. తెలియనివ్వలేదు.

2. ఇంటి యజమానితో సంబంధం అనే గడిలో ఆమెకు ఎదురుగా ‘దూరపు బంధువు’ అని రాశాను. ఇది మొదటి తప్పు.

ఇక పద్నాలుగో ప్రశ్న తమకు తెలిసినదే. వైద్యం వల్ల సాధ్యమైతే ఎన్నో ఏటి వరకు జీవించాలని కోరుకుంటారు? మానసిక వ్యాధి ఉన్నవారి తరఫున కుటుంబసభ్యులు జవాబు చెప్పవచ్చునని ఒక సూచన ఉంది. ప్రస్తుత వయసు కంటే తక్కువ అంకె వేయరాదని మరొక సూచన ఉంది. నేను అరవై రెండు అని వేశాను. అంతకంటే తక్కువ వేయడానికి వీలు లేకపోయింది.

ఆ సమయంలో ఆమె బల్లకు అవతలి వైపు, నాకు ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నేను అడగలేదు.

3. మా అక్క జబ్బు పడకముందు ఆరేళ్లు అచ్చాఫీసులో కంపోజిటరుగా పనిచేసింది. సీసపు అక్షరాలను తలకిందులుగా, కుడియెడమలు తారుమారుగా చదువుతూ పేర్చిన మనిషి. నా కాగితం ఆమెకు తలకిందులుగా కనబడుతోంది కాబట్టి చదవలేదని నేను నిశ్చింతగా రాసుకుపోయాను. రాత్రిబడి రోజుల్లో నేను రాస్తుంటే సరిగ్గా అదే చోట కూర్చుని నా తప్పులు చూపించినది ఆమే. ఆ మాట ఆ రోజు నాకు తట్టలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. బఠాణీలు ఒలవడం ముగించి గిన్నె మా ఆవిడకు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

4. తరువాత పదకొండో రోజున మా ఆవిడ నన్ను వంటగదిలోకి పిలిచింది.

“ఏమండీ, వదినగారి మాత్రల డబ్బా చూశారా? పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.”

నేను వెళ్లి గట్టిగానే అడిగాను.

“ఎందుకురా మాత్రలు?” అంది. “అరవై రెండే కదా వేశావు. గడువు అయిపోయినదానికి మందులు దండగ.”

“అది ఉత్త సర్వే అక్కా! ఆ అంకెతో ఏమీ కాదు.”

“ఏమీ కానిదానికి నిజమే రాయొచ్చుగా?”

నేను మాత్రల డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని పక్కకు నెట్టింది.

“పైగా దూరపు బంధువునట. అంత దూరం నుంచి వచ్చి ఇరవై ఒక్కేళ్లు తిష్ఠ వేశానన్నమాట. కాస్త సిగ్గుండాలి నాకు.”

అయ్యా, సిగ్గు ఎవరికి ఉండాలో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

5. అలా ఎందుకు వేశావని తమరు అడుగుతారు. “ఇలాంటివాళ్లకే ఆయుష్షు గట్టిదండీ” అని పక్కింటివారు నిట్టూరిస్తే వారితో పాటు నేనూ నిట్టూర్చినవాడిని. కిందటేడు డాక్టరుగారు ఆమెను పరీక్షించి, “రక్తపోటు లేదు, షుగర్ లేదు, మీ అక్కగారు తొంభై దాటేస్తారు” అని సంతోషంగా చెప్పారు. “అంతకాలమా?” అన్నాను. ఆమె పక్కనే వంగి చెప్పులు తొడుక్కుంటోంది.

ఆమె బాధ త్వరగా తీరాలనే నా కోరిక అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నేను ముందు పోతే ఆమె ఎవరి గుమ్మం ముందు నిలబడుతుందోనన్న భయం ఒకటి. ఆమె ఉన్నంతకాలం నా ఇంటికి నలుగురిని పిలవలేనన్న నామోషీ ఇంకొకటి. పట్టా పుచ్చుకున్న రోజున కూడా తోటివారిని ఇంటికి రానివ్వక, బయటి నుంచే పంపేశాను. భయానికి, నామోషీకి కలిపి జాలి అని పేరు పెట్టుకున్నాను. ఆ జాలితోనే అంకె వేశాను.

6. మొన్న ఉదయం ఖాళీ ఫారం పట్టుకుని, ఇతరుల ఇళ్లలో అడిగినట్టే నిలబడి అడిగాను.

“ఎన్నో ఏటి వరకు బతకాలని ఉంది?”

“ఎంతవరకు ఇస్తారట?”

“ఫారంలో నూట ఇరవై దాకా ఉంది.”

“అయితే నూట ఇరవై వెయ్యి.”

“అక్కా, ఆ మాటలు అన్నాళ్లూ వినబడుతూనే ఉంటాయి కదా. ఆలోచించుకుని చెప్పు.”

“వినబడనీరా. సగం రోజులు అవి నీకంటే మర్యాదగానే మాట్లాడతాయి. బాగోని రోజు బాగోదు, ఎవరు కాదన్నారు? బాగున్న రోజు పొద్దున్నే పేపర్ విప్పుకుని అచ్చుతప్పులు వెతుకుతాను. దొరికితే ఎంత హాయిగా ఉంటుందో నీకేం తెలుసు!”

మళ్లీ తనే అన్నది: “పద్నాలుగేళ్లు కిటికీ తీస్తే ఇంకో గోడ కనబడేది. ఆ పద్నాలుగూ నేను బతికిన కిందికి రావు. అవి నాకు రావాలి. నూట ఇరవై వెయ్యి.”

7. ఇదే పద్ధతిలో మరో నాలుగు ఇళ్లలో కూడా గడులు నింపాను. “మా అమ్మకేం తెలుసు సార్, మీరే ఏదో ఒకటి వేసేయండి” అని చెప్పులు కుట్టే ఆయన అంటే, సరేనని వేసేశాను. ఆ తల్లి గుమ్మంలోనే కూర్చుని ఉంది. నిన్నా మొన్నా ఆ నలుగురి దగ్గరికీ మళ్లీ వెళ్లి, వారినే అడిగాను. ముగ్గురు నేను వేసినదానికంటే ఎక్కువే చెప్పారు. ఒక ముసలాయన మాత్రం, “చాలు బాబూ, ఇక్కడికి చాలు” అన్నారు. నేను ఆయన తరఫున వేసిన అంకె, ఆయన చెప్పిన అంకె ఒక్కటే. అయినా అంతకు ముందు అది నాది, ఇప్పుడు ఆయనది. నాలుగు జవాబులూ దీనితో జతపరిచాను.

8. సీలు వేసిన సంచులు తిరిగి తెరవరాదన్న నిబంధన నాకు తెలుసు. గణకుడిగా నన్ను తొలగించే అధికారం తమకు ఉన్నదనీ తెలుసు. ఆ విషయంలో నేను వాదించబోను. నా ప్రార్థన ఇంతే. సంబంధం గడిలో ‘అక్క’ అని, పద్నాలుగో ప్రశ్నకు నూట ఇరవై అని సవరించవలసినది. సంచి తెరవడానికి ఎన్ని రోజులు పట్టినా పట్టవచ్చును గాని, ఈ అర్జీ అందినట్టు ముద్ర వేసిన రసీదు మాత్రం ఈ రోజే కావాలి. అది కళ్లతో చూస్తేనే మాత్ర వేసుకుంటానని ఆమె పట్టుబట్టి కూర్చున్నది. నా మాట మీద ఆమెకు ఇప్పుడు నమ్మకం లేదు. తప్పు ఆమెది కాదు.

మాత్రలు ఆగి నేటికి పదమూడు రోజులు. నిద్ర తగ్గింది. నిన్నటి నుంచి గోడ వైపు తిరిగి ఎవరికో సమాధానాలు చెబుతోంది. ఇంకో వారం ఇలాగే సాగితే మళ్లీ ఆసుపత్రేనని డాక్టరుగారు హెచ్చరించారు. ఆమెను మళ్లీ ఆ గోడ ముందు కూర్చోబెట్టిన మనిషిని నేను కాకూడదు. అయ్యా, ఒక్క ముద్ర. తమ గది బయట వరండాలోనే నిలబడి ఉన్నాను. పిలిస్తే వస్తాను. పిలవకపోయినా ఉంటాను.

ఈ నాలుగు మాటలూ తమరు దయతో చిత్తగించవలెను.

ఇన్నాళ్లూ విధేయుడనని మాత్రమే అనుకున్న
తమ విధేయుడు,
నాలుగో వార్డు గణకుడు

మరొక మనవి: ఈ అర్జీ చిత్తుప్రతిని ఆమెకు చదివి వినిపించాను. కాగితం లాక్కుని రెండు అక్షరదోషాలు దిద్దింది. ఆ తరువాత, “మరి నీకెంత వేసుకున్నావు?” అని అడిగింది. డెబ్బై అయిదు అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టింది.

“అప్పటికి నాకు ఎనభై తొమ్మిది. తక్కిన ముప్పై ఒక్కేళ్లూ నేనెవరితో పోట్లాడాలిరా?”

కావున నా పేరుకు ఎదురుగా కూడా పద్నాలుగో ప్రశ్నకు నూట ఆరు అని సవరించ ప్రార్థన. ‘ఎవరి ఒత్తిడీ లేకుండా ఇచ్చిన జవాబు’ అని కింద రాయబోతే, “మళ్లీ అబద్ధమా? ఒత్తిడి ఉందని రాయి” అన్నది.

ఒత్తిడి ఉన్నది.