దావీదు చావలేదక్కా

అక్కా, బాగున్నావా? పోయిన మనిషిని అడిగే మాటేనా ఇది? అయినా అడుగుతాను, నన్ను ఆపేదెవరు? నువ్వు వెళ్లి ఏడాది దాటింది. మళ్లీ మిరపకాయ కల్లాల్లోకి వచ్చింది. నీ చోట ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. నా చెప్పులు పెట్టి ఉంచుతున్నాను. మేస్త్రి సణుగుతున్నాడు. సణగనీ.

ముందు నీకు కావలసిన కబురు చెబుతాను. దావీదు చావలేదు.

అవును... మన జాంబీల సీరియల్లో దావీదే. వాడి అసలు పేరుకు మన నోరు తిరగక నువ్వు పెట్టిన పేరు. దర్శిలో కొన్న నీ ఫోను గోతం మీద నిలబెట్టి, తెలుగులోకి మార్చిన ఆ సీరియల్ చూస్తూ తాలు ఏరేవాళ్లం కదా... రంగు పోయిన కాయలు ఓ పక్కకి, ఎర్రకాయలు ఓ పక్కకి. మొదట్లో నేను దావీదును తిట్టని తిట్టు లేదు. వాడు సైనికుడు. పైవాళ్లు చెప్పారని ఊరి గేటు మూసేశాడు. బయట మిగిలిన జనాన్ని చచ్చి లేచినవాళ్లు పీక్కుతిన్నారు. ఆ తర్వాత వాడు నిద్ర లేక, చేతులు వణుకుతూ, ఎక్కడ తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతూ తిరుగుతుంటే నాకేం జాలి? పోతే పోయాడు అనేదాన్ని.

నువ్వు చేతిలో ఉన్న కాయ నాకు చూపించి, "తాలుకాయని పారేస్తామటే? పక్కన పోస్తాం. దానికీ కొనేవాడుంటాడు. ఘాటు ఎక్కడికి పోద్ది?" అన్నావు.

ఓ రోజు దావీదు గోడకు వీపు ఆనించి తిండి తింటున్నాడు. నీ చేతులు ఆగిపోయాయి. "చూడవే, అచ్చం మీ బావే" అన్నావు. నేను నవ్వలేదు. మిలిటరీ నుంచి వచ్చాక బావ గోడ లేనిచోట కూర్చోడని, పెళ్లి భోజనాల్లో కూడా గోడవారే వెతుక్కుంటాడని, టపాకాయ పేలితే గడ్డివామి వెనక్కి పోతాడని ఊరందరికీ తెలుసు. ఎందుకో ఎవరూ అడగలేదు. నువ్వడిగితే ఆయన చెప్పలేదు.

అప్పుడే కదా నువ్వా పని చేసింది! ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు లేచి, యుద్ధంలో చెయ్యకూడని పని చేసి నిద్రపట్టక తిరుగుతున్న దావీదు అనే సైనికుడి కోసం ప్రార్థించమన్నావు. బయటికొచ్చాక నిన్ను కడిగేశాను. నువ్వు తొణకలేదు.

"మీ బావ పేరు చెబితే రేపటికల్లా ఊరంతా పిచ్చోడంటారే. దావీదని చెబితే దేవుడికి అర్థం కాదంటావా? నువ్వు మాత్రం ఎక్కడా నోరు జారకు" అని నాచేత ఒట్టు వేయించుకున్నావు.

సంఘమంతా సీరియల్లో మనిషి కోసం కళ్లు మూసుకుని ప్రార్థించింది. నీ సమాధి దగ్గర కూడా పాస్టరమ్మగారు, దావీదు మన చుట్టమే అనుకుని, అతనికి సెలవు దొరకలేదా అని నా చెవిలో అడిగారు. దొరకలేదండీ అన్నాను. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది, తెలుసా?

నువ్వు పోయాక ఆ సీరియల్ జోలికి పోలేదు. చివరి భాగాలు వచ్చాయని బావే నీ ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. ఇద్దరం చూశాం. బతికి మిగిలినవాళ్ల రెండు శిబిరాల మధ్య యుద్ధం అక్కా... ఈసారి దావీదు గేటు తెరిచాడు. అవతలి శిబిరం పిల్లల్ని కూడా లోపలికి లాగాడు. ఇక వీణ్ణి చంపేస్తారు అనుకున్నాను. మనిషి బాగుపడగానే చంపేయడం వాళ్లకు అలవాటేగా! నువ్వెంత తిట్టేదానివి... "చస్తే తప్పు తీరిపోద్దా? బతికి అంట్లు తోమమను" అనేదానివి.

అదే చేశాడక్కా. బతికాడు. శిబిరంలో అంట్లు తోముతున్నాడు. వాడి వల్ల మొగుణ్ణి పోగొట్టుకున్న ఆవిడ వాణ్ణి క్షమించలేదు. కానీ గిన్నెలో ఇంత తిండి పెట్టి వాడి ముందుకు తోసింది. బావ ఫోను ఆపేసి అరుగు మీదికి వెళ్లిపోయాడు.

ఇక అసలు గొడవ విను. పాస్టరుగారి అమ్మాయి కూడా ఆ సీరియల్ చూస్తుందని మనకేం తెలుసు? దావీదు బతికాడని కల్లంలో నేను అంటుంటే విని, మన దావీదు సీరియల్లో మనిషేనని పోల్చేసింది. సరిగ్గా నీ జ్ఞాపకార్థ కూడిక ముందే గుట్టు బయటపడింది. సంఘ పెద్ద జాకబ్ మాస్టారు ఊరుకుంటారా? నువ్వు దేవుణ్ణి ఎగతాళి చేశావట. కూడికలో నీ తరఫున నేను లేచి క్షమాపణ చెప్పాలట.

నేనేం చేయను, చెప్పు? నిజం చెబితే బావ పరువు పోతుంది. చెప్పకపోతే నీ పేరు నవ్వులపాలు...

లేచాను. క్షమాపణ చచ్చినా చెప్పనన్నాను. మా అక్క నిద్రపట్టని సైనికుడి కోసం అడిగింది, అందులో అబద్ధమేముందన్నాను. చేసిన ప్రార్థన మీరు వెనక్కి తీసుకుంటే తీసుకోండి, నేను తీసుకోనని అరిచాను. అయితే ఆ సైనికుడెవరో చూపించమన్నారు మాస్టారు. నోరు మూసుకున్నాను. నీకు వేసిన ఒట్టు కదా...

బయట ప్రహరీకి ఆనుకుని ఉన్న బావ లోపలికొచ్చాడు. మిలిటరీ నుంచి వచ్చాక చర్చి గడప తొక్కని మనిషి! ఆ దావీదు తనేనని అందరి ముందూ చెప్పాడు. కాల్పుల్లో తోటివాణ్ణి వదిలి వచ్చేశానన్నాడు. మాస్టారు మళ్లీ క్షమాపణ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే ఆ రోజు నా చేతిలో అయిపోయేవారు.

భోజనాలకు బంతి వేశారు. బావకు గోడవార చోటు ఉంచాను. ఆయన అటు చూసి కూడా, వెళ్లి నడిమధ్యన కూర్చున్నాడు. వీపు వెనక జనం, బకెట్ల చప్పుడు... చారు ఒలికింది. లేవలేదక్కా. పెరుగన్నం దాకా తిన్నాడు.

ఇప్పుడు ఆదివారం లేచి ఆ మనవి నేనే చెబుతున్నాను. అసలు పేరే చెప్పొచ్చుగా అన్నారు పాస్టరమ్మగారు. బావే వద్దన్నాడు. దావీదనే ఉండనివ్వమన్నాడు, అది నువ్వు పెట్టిన పేరట.

ఎవరు నవ్వినా ఆపను. కల్లంలో నీ చోటూ ఎవరికీ ఇవ్వను.

నీ చెల్లి,
సుగుణ