జేబులో క్యాలిక్యులేటర్

సెప్టెంబర్ 4

నలభై ఒకటో ఏట మళ్ళీ పరీక్ష. ఎం.టెక్ ప్రవేశానికి దరఖాస్తు పంపేశాను.  ఇన్నేళ్ళుగా బొగ్గు గనిలో అండర్ మేనేజర్‌ని, షిఫ్టు మొత్తానికి పని చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాలేజీ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాలి.

నా భార్య సుజాతకు ఫోన్ చేశాను. మహబూబాబాద్‌లో తను పాఠాలు చెప్పే బడి వదిలే వేళ. "పంపినవా? మంచిగైంది. ఇగ వెనకకు మళ్లకు" అంది. భయంగా ఉందని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

సెప్టెంబర్ 7

విశాఖపట్నమా, ధన్‌బాదా... గనిలో గాలి నడక మీద పనిచేసే ప్రొఫెసర్ ఉన్నది విశాఖలో. నాకు కావలసింది గాలే. మూడేళ్ళ కిందట మా గనిలో ఒక మూల ఇద్దరు మనుషులు ఉన్నట్టుండి కూలబడ్డారు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, కొలతలు సరిగ్గానే ఉన్నాయి, గాలి మాత్రం ఆ మూలకు పోలేదు. ఇద్దరూ బతికారు. ఎందుకు పోలేదో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అది తెలుసుకోవాలి. ఇంతకు మించి పెద్ద కారణం లేదు.

క్యాంటీన్‌లో నోరు జారాను. "ఉద్యమం గింత జోరు మీదుంటే ఆంధ్రకు పోతవా సార్?" అన్నాడొకడు, నవ్వుతూనే. అక్కడికి పోతే నా తెలంగాణ యాస విని నవ్వుతారు. ఇక్కడ, పోతున్నానని నవ్వుతున్నారు. ధన్‌బాద్ అయితే ఈ గొడవ ఉండదు. కానీ అక్కడ ఆ ప్రొఫెసర్ ఉండడు.

సెప్టెంబర్ 9

మేనేజర్ గారు పిలిచారు. "చదువు సెలవుకు నేను సిఫారసు చేస్త. నీ రికార్డు సాఫ్ ఉన్నది. పరేషాన్ ఎందుకు?" రెండేళ్ళ సెలవు. రికార్డు మీద ఒక్క మచ్చ ఉన్నా రాదు. సెలవు రాకపోతే చదువు లేదు — ఉద్యోగం వదులుకునే ధైర్యం నాకు లేదు. ఇక్కడ రాసుకుంటే సిగ్గేముంది.

సెప్టెంబర్ 11

ప్రతి లెక్కా తప్పుతోంది. జనగామలో చదువుకునే రోజుల్లో నోటితో చేసేసినవి. పరీక్ష హాలులోకి క్యాలిక్యులేటర్ తీసుకుపోనిస్తారు, అందుకని వేళ్ళకు అలవాటు చేస్తున్నాను. చొక్కా జేబులోనే ఉంటోంది. అన్నం తింటూ కూడా నొక్కుతున్నాను. అయినా తప్పు.

సెప్టెంబర్ 13

తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. భూపాలపల్లి అంతా రోడ్డు మీదే ఉంది. గని గేటు ముందు టెంటు, పాటలు, డప్పులు. బొగ్గు కదలడం లేదు. నీళ్ళు తోడే పంపులు, గాలి ఫ్యాన్లు మాత్రం ఆగకూడదు. ఆగితే గని మునుగుతుంది, గ్యాస్ నిండుతుంది. ఆ పనికి పోయేవాళ్ళను సమ్మె వాళ్ళే దగ్గరుండి లోపలికి పంపుతున్నారు. ఆ జాబితాలో నా పేరు ఉంది. పంపులు చూసే కొమురయ్య, అందరి కొమురన్న, పేరు ఉంది.

కొమురన్నతో... ఎట్లా. పోయినేడు ఆయన లోపల బీడీలతో దొరికాడు. పట్టుకున్నది నేను. రిపోర్టు రాసింది నేను. పది రోజులు సస్పెండ్ చేశారు. గ్యాస్ ఉన్న గనిలో చిన్న నిప్పు చాలు, రాయకుండా ఎట్లా ఉంటాను? మళ్ళీ అయినా అదే రాస్తాను. అప్పటి నుంచి ఎక్కడ ఎదురుపడ్డా "నమస్తే సార్" తప్ప రెండో మాట లేదు. ఇప్పుడు రోజూ మేమిద్దరమే దిగాలి.

సెప్టెంబర్ 17

బడులు బంద్. సుజాత పాపను తీసుకుని వచ్చింది. నా పుస్తకాన్ని చేత్తో ఎత్తి చూసి, "గిది సదివేదా, మీద పడితే సచ్చేదా?" అంది. చాలా రోజులకు నవ్వాను. మధ్యాహ్నం టెంటు దగ్గరికి వెళ్ళింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలట. వచ్చేటప్పుడు నాకు పులిహోర తెచ్చింది.

సెప్టెంబర్ 22

ఖాళీ గనికి ఇంత నిశ్శబ్దం ఉంటుందని తెలియదు. పైకప్పు చిటుక్కుమంటే మెడ దానంతటదే వంగుతోంది. చదివిందంతా ఆ చప్పుడుతో పోతోంది. కొమురన్న మాత్రం తన ఇంట్లో తిరిగినట్టు తిరుగుతాడు. 

సెప్టెంబర్ 26

 జరిగింది జరిగినట్టు రాయాలి.

మామూలు రోజుల్లో, దిగే చోట గార్డు ప్రతి మనిషినీ తడిమి పంపుతాడు. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్, బ్యాటరీతో నడిచే చిన్న వస్తువు — నిప్పురవ్వ పుట్టే ఏదీ లోపలికి పోకూడదు. ఆఫీసర్లను మాత్రం తడమడు. సలాం కొట్టి పక్కకు జరుగుతాడు. ఏ రూలులోనూ లేదు, అట్లా నడుస్తోంది. ఈ రోజు గార్డు టెంటులో ఉన్నాడు. తన చోట ఉన్నా నన్ను తడిమేవాడు కాదు.

పంపు దగ్గర కొలత రాసుకుందామని పెన్సిల్ కోసం జేబులో చెయ్యి పెట్టాను. క్యాలిక్యులేటర్.

బయటికి తీశాను. సున్నా కనబడుతోంది. నడుస్తోంది. జేబులో ఎప్పుడు నొక్కుకుందో... ఆపుదామని వేలు పోయింది, ఆగిపోయింది. మీట నొక్కితే ఏమవుతుందో. నొక్కకపోతే ఏమవుతుందో. చదివినవాణ్ణి, నాకే బుద్ధి పనిచేయలేదు. సుజాత, పాప, ఇల్లు — అన్నీ ఒక్కసారి కళ్ళముందుకు వచ్చాయి.

కొమురన్న తల మీది ల్యాంపు నా చేతి మీదికి తిరిగింది.

"ఏంది సార్ అది?"

చూపించాను. ఆయన పంపు వదిలి దగ్గరికి వచ్చాడు.

"నడువుండ్రి" అన్నాడు. "మెల్లగ. పైకి పోదాం."

పక్కనే నడిచాడు. ఎక్కుతున్నంతసేపూ ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకున్నాను. ఎండ మొహం మీద పడ్డాక కింద కూలబడ్డాను. నీళ్ళు తెచ్చిచ్చాడు.

"నేనైతే ఏం సూడలే సార్."

"కొమురన్నా..."

"మీకు సదువున్నది ముందు. పోండ్రి." వెళ్ళబోయి ఆగాడు. "నేను గూడ ఆనాడు బీడి ముట్టియ్యలే సార్. కట్ట జేబుల ఉండె, గంతే."

తిట్టినా బాగుండేది.

సెప్టెంబర్ 27

బతుకమ్మ మొదలు. సుజాత తంగేడు పూలు ముందర పోసుకుని కూర్చుంది. చెప్పాను.

"ఏం కాలే గద" అంది.

"కాలే."

"నువ్వు మేనేజర్‌కు చెప్తే సెలవు పోతది."

"పోతది."

పూలు పేర్చడం ఆపింది. "మరి చెప్పకుంటే?"

"గాలి గురించి సదువుతనని బయలెల్లినోన్ని. ఏ మొకంతోని సదువుత?"

మళ్ళీ పువ్వు అందుకుంది. "నాకు తెల్వదు. నన్ను అడగకు" అంది. తనకూ భయంగా ఉంది.

అక్టోబర్ 3

దిగే ముందు జేబులు తడుముకుంటున్నాను, మళ్ళీ మళ్ళీ. కొమురన్న చూసి మొహం తిప్పుకున్నాడు.

అక్టోబర్ 8

తేల్చుకున్నాను. పరీక్ష గట్టెక్కితే విశాఖే. నవ్వితే నవ్వనీ.

తేల్చుకోవలసిన అసలు సంగతి అట్లాగే ఉంది. చెబితే ఏమవుతుందో తెలుసు కాబట్టి భయం. చెప్పకపోతే... ఎవరికీ తెలియదు. ఆ మాట ఎంత హాయిగా ఉందో, అందుకే దాని మీద నమ్మకం లేదు.

అక్టోబర్ 20

సమ్మె ఆగింది. గార్డు తన చోటికి వచ్చాడు. మనుషులు వరుసలో నిలబడ్డారు. నేనూ వెళ్ళి వరుసలో నిలబడి చేతులు చాపాను.

"మీరెందుకు సార్, పోండ్రి."

"తడుము."

వెనక ఎవరో నవ్వారు. గార్డు తాకీ తాకనట్టు తడిమాడు. వరుసలో కొమురన్న ఉన్నాడు. ఆయన నవ్వలేదు.

అక్టోబర్ 21, సాయంత్రం

మేనేజర్ గారు రమ్మన్నారు. బల్ల మీద నా సెలవు కాగితం. పెన్ను మూత తీసి ఉంది. తన కొడుకు వయసువాళ్ళతో పోటీ పడుతున్నానని మెచ్చుకున్నారు. సంతకం పెట్టబోతూ మాటవరసకు అడిగారు —

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఉంది సార్."

చెప్పాను. క్యాలిక్యులేటర్ సంగతి మొత్తం చెప్పాను. ఆయన పెన్నుకు మూత పెట్టారు. కోపం లేదు. అలసిపోయినట్టున్నారు. అయిపోయింది అనుకున్నాను. చెప్పలేని తేలిక... ఒక్క క్షణం.

"ఎవరన్న సూసినరా?"

ఇన్ని రోజులూ నా సెలవు, నా చదువు, నా భయం. ఈ ప్రశ్న వస్తుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"కొమురయ్య చూశాడు సార్."

నోట్లోంచి వచ్చేసింది. అబద్ధం ఆడటానికి కూడా వ్యవధి లేదు.

"సూసి, రిపోర్టు చేయలే?" మేనేజర్ గారు నా కాగితాన్ని సొరుగులో పెట్టారు. "ఆయన మీద ఇదివరకే ఒకటున్నది గద. రేపు పొద్దున ఇద్దరు రాండ్రి."

లోపల చూసిన తప్పును దాచడం కూడా తప్పే. ఆ రూలు నేనే కార్మికులకు చదివి వినిపిస్తుంటాను. ఆయనకు ఇది రెండోది. నాకు పోతే రెండేళ్ళ చదువు పోతుంది, ఆయనకు పోతే ఉద్యోగమే.

సుజాత అంతా విని ఒక్కటే అడిగింది. "నీ సంగతి చెప్పుకున్నవ్, సరే. ఆయన పేరు చెప్పంగ ఆయన్ని అడిగినవా?"

రేపటి పిలుపు సంగతి వేరే వాళ్ళ నోట వినకూడదు ఆయన. వాళ్ళ క్వార్టర్ మా వెనక లైనులోనే. చెప్పులు వేసుకుని పావుగంట అయింది, ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. తలుపు తీసి "నమస్తే సార్" అంటాడు. లోపలికి రమ్మంటాడు. కూర్చోమని కుర్చీ వేస్తాడు...